ప్రెసిడెంట్‌ని ఎన్నుకోవాలంటే ఒక్క పేరు చాలదా? శ్రీలంకలో 30 లక్షల ఓట్లు మధ్యలో ఎందుకు ఆగిపోయాయంటే..

ఓటు అంటే మనకు తెలిసింది ఒక్కటే. నచ్చిన గుర్తు పక్కన బటన్ నొక్కాలి, బీప్ వినాలి, బయటికొచ్చి సిరా వేలు ఫొటో స్టేటస్‌లో పెట్టాలి. అంతే. కానీ పక్కనే ఉన్న శ్రీలంకలో ప్రెసిడెంట్‌ని ఎన్నుకునే తీరు వేరు. అక్కడ ఓటరు ఒక్కరికే కాదు, వరసగా ముగ్గురికి మార్కు పెట్టొచ్చు. నువ్వే ఫస్ట్, నువ్వు కాకపోతే ఇతను, ఇతనూ కాకపోతే ఆయన.. ఇలా.

అవకాశం ఉన్నా చాలామంది వాడుకోలేదు. దాంతో ఏం జరిగిందో 2024 లెక్కలు చూస్తే అర్థమవుతుంది.

అసలు ఆ ఓటు ఎలా పనిచేస్తుంది?

శ్రీలంకలో ఈవీఎంలు లేవు, ఇప్పటికీ కాగితం బ్యాలెట్టే. ఓటరు ఒక్కరినే ఎంచుకోవాలనుకుంటే పేరు పక్కన ఇంటూ మార్కు పెడితే చాలు. లేదంటే 1, 2, 3 అని అంకెలు వేయొచ్చు. మొదటి లెక్కింపులో ఎవరికైనా చెల్లిన ఓట్లలో సగం దాటితే అక్కడితో అయిపోయింది, ఆయనే ప్రెసిడెంట్. ఎవరికీ సగం రాకపోతే టాప్‌లో ఉన్న ఇద్దరిని ఉంచి, మిగతా అందరినీ ఒకేసారి ఎలిమినేట్ చేస్తారు. అప్పుడు ఓడిపోయినవాళ్ల బ్యాలెట్లు మళ్లీ తెరుస్తారు. వాటి మీద 2వ నంబర్ ఆ ఇద్దరిలో ఒకరికి ఉంటే ఆ ఓటు వాళ్లకి వెళ్తుంది. లేకపోతే 3వ నంబర్ చూస్తారు. అదీ లేకపోతే ఆ కాగితం పక్కకి పోతుంది.

శ్రీలంకలో తొలి అధ్యక్ష ఎన్నిక 1982లో జరిగింది. అప్పటి నుంచి 2019 దాకా ప్రతిసారీ మొదటి రౌండ్‌లోనే తేలిపోయింది. అందుకే రెండో నంబర్ అనేది రూల్ బుక్‌లో ఉన్నా ఎవరికీ పట్టలేదు. 2024 సెప్టెంబర్ 21న పోలింగ్ జరిగాక తొలిసారి దాని అవసరం పడింది.

బరిలో 38 మంది. అనుర కుమార దిసనాయకేకి 56,34,915 ఓట్లు వచ్చాయి, అంటే 42 శాతం పైచిలుకు. సజిత్ ప్రేమదాసకి 43,63,035. అప్పటికి ప్రెసిడెంట్‌గా ఉన్న రణిల్ విక్రమసింఘే 22,99,767 ఓట్లతో మూడో స్థానం. సగం ఎవరికీ రాలేదు. రణిల్‌తో సహా మిగతా అందరూ అవుట్. వాళ్లకి పడిన ఓట్లన్నీ కలిపితే 33 లక్షల 21 వేలకు పైనే.

ఇప్పుడు అసలు నంబర్ చూడండి. ఈ 33 లక్షల్లో రెండో, మూడో ప్రాధాన్యత ద్వారా దిసనాయకేకి చేరినవి 1,05,264. ప్రేమదాసకి చేరినవి 1,67,867. మొత్తం 2 లక్షల 73 వేలు. మిగతా 30 లక్షలకు పైగా ఓట్లు ఫైనల్‌లో ఎవరి ఖాతాలోనూ పడలేదు.

అందులో కొందరు 2, 3 వేసినా అవి కూడా అవుట్ అయినవాళ్లకే వెళ్లి ఉండొచ్చు. కానీ లెక్క మాత్రం లెక్కే. చివరికి దిసనాయకే 57,40,179 ఓట్లతో గెలిచారు, ప్రేమదాస 45,30,902 దగ్గర ఆగారు. తేడా 12 లక్షలు. ఆగిపోయిన ఓట్లు 30 లక్షలు. అవన్నీ కదిలి ఉంటే రిజల్ట్ మారిపోయేదని మేం అనడం లేదు. దిసనాయకే ఇంకా పెద్ద మెజారిటీతో గెలిచేవారేమో కూడా. కానీ ఆ ఇద్దరిలో ఎవరు ప్రెసిడెంట్ కావాలి అనే ప్రశ్న వచ్చేసరికి, 30 లక్షల మంది బూత్‌కి వెళ్లి కూడా జవాబు చెప్పనట్టే అయింది. గెలిచిన ఆయన కూడా చెల్లిన ఓట్లలో సగం దాటలేదు, 43 శాతం దగ్గరే ఉన్నారు.

రెండో నంబర్ వేస్తే మనోడికి నష్టమా?

చాలామందికి ఉండే డౌట్ ఇదే. నష్టం లేదు. మీ 1వ నంబర్ అభ్యర్థి రేసులో ఉన్నంతసేపూ 2వ నంబర్ వైపు ఎవరూ చూడరు. ఆయన అవుట్ అయ్యాకే అది తెరుచుకుంటుంది. అంటే మీ సెకండ్ చాయిస్ మీ ఫస్ట్ చాయిస్‌ని ఓడించలేదు.

ఇంకో లాభం కూడా ఉంది. మన దగ్గర ఎన్నికలప్పుడు టీ కొట్టు దగ్గర వినపడే మాట గుర్తుందా? "ఆయన మంచోడే కానీ గెలవడు, ఓటు వేస్ట్ చేసుకోవడం ఎందుకు?" ప్రాధాన్యత ఓటు ఉన్నచోట ఈ బాధ లేదు. 1 అనేది మనసుకి నచ్చినవాళ్లకి నిర్భయంగా వేసుకోవచ్చు. తర్వాత ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, చివరికి ఎవరెవరు మిగిలేలా ఉన్నారు, ఆ ఇద్దరిలో నేను ఎవరిని భరించగలను? మీ 1 గెలవడం కష్టం అనిపిస్తే 2 గానీ 3 గానీ ఆ ఇద్దరిలో ఒకరికి ఉండాల్సిందే. మూడు నంబర్లూ గెలవని వాళ్లకే వేస్తే మళ్లీ కథ మొదటికే.

ఇంతకీ ఆ 1 ఎవరికి వేయాలి? దీనికి ఫార్ములా లేదు. కానీ శ్రీలంక వాళ్లకి ఒక పాఠం మాత్రం చాలా ఖరీదుగా దొరికింది. 2019లో గోటబయ రాజపక్స 52 శాతం ఓట్లతో గెలిచారు. పన్నులు తగ్గిస్తానన్నారు, తగ్గించారు. వ్యాట్ 15 శాతం నుంచి 8కి దిగింది. వినడానికి బాగుంది కదా. మరి ఖజానా ఎలా నిండుతుంది? సేంద్రియ వ్యవసాయానికి పదేళ్లలో మారతామన్నది మేనిఫెస్టో మాట. 2021లో మాత్రం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేశారు, పంటలు దెబ్బతిన్నాక వెనక్కి తగ్గారు. కరోనాతో టూరిజం పడిపోయింది, డాలర్లు అయిపోయాయి. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. జులైలో జనం ప్రెసిడెంట్ భవనంలోకి దూసుకెళ్లిన వీడియోలు మనమంతా ఫోన్లలో చూసినవే. ఆయన దేశం వదిలి వెళ్లిపోయారు.

అక్కడ ప్రెసిడెంట్ అంటే ఉత్తుత్తి పదవి కాదు, ప్రభుత్వానికి, సైన్యానికి ఆయనే అధినేత. అలాంటి కుర్చీ కోసం ఓటు అడిగేవాళ్లని "ఏం ఇస్తావ్" అని కాదు, "ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తావ్" అని అడగాలి. ఇదే దిసనాయకేకి 2019లో వచ్చింది 3 శాతం ఓట్లే. ఐదేళ్లలో 42కి చేరారంటే, జనం పాత పేర్లతో ఎంత విసిగిపోయారో ఊహించుకోండి.

ఇద్దరు తెలుగువాళ్లు, ఒక రెండో ఓటు

ఇదంతా లంక గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? మన రాష్ట్రపతిని కూడా ప్రాధాన్యత ఓటుతోనే ఎన్నుకుంటారు. కాకపోతే ఓటర్లు మనం కాదు, మన ఎంపీలు, ఎమ్మెల్యేలు. రెండో ప్రాధాన్యతతో తేలిన రాష్ట్రపతి ఎన్నిక 1969లో జరిగింది. పోటీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్యే.

జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోవడంతో ఆ ఎన్నిక వచ్చింది. కాంగ్రెస్ అభ్యర్థి మన అనంతపురం జిల్లా ఇల్లూరు వాసి నీలం సంజీవరెడ్డి. ఇండిపెండెంట్‌గా దిగింది బరంపురం తెలుగు కుటుంబానికి చెందిన వి.వి.గిరి. సొంత పార్టీ అభ్యర్థి ఉండగానే ప్రధాని ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయండి అన్నారు. మూడో అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్. ఆయన వెనక స్వతంత్ర పార్టీ, జనసంఘ్ ఉన్నాయి. వాళ్ల రెండో ఓటు కోసం కాంగ్రెస్ పెద్దలు మంతనాలు జరిపారు, పార్టీలో పెద్ద రచ్చ అయింది కూడా అక్కడే.

గెలవాలంటే ఓట్ల విలువ 4,18,169 కావాలి. మొదటి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కి 1,12,769. మిగతా అభ్యర్థులని ఒక్కొక్కరిగా తీసేస్తూ, చివరికి దేశ్‌ముఖ్ ఓట్లనీ పంచారు. సంజీవరెడ్డి ఏకంగా 91 వేలకు పైగా పెరిగి 4,05,427కి వచ్చారు. గిరికి కలిసింది 18 వేల చిల్లరే. కానీ అది చాలు, 4,20,077తో గట్టెక్కేశారు. గీత దాటింది 1,908 ఓట్ల విలువతోనే. (సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు, అది వేరే స్టోరీ.)

మన చేతికి కూడా ఈ బ్యాలెట్ వస్తుంది

ఊళ్లో మనం ప్రెసిడెంట్ అని పిలిచే సర్పంచ్‌కి ఒకటే ఓటు, ఎక్కువ వచ్చినవాళ్లదే గెలుపు. కానీ పట్టభద్రుల, టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నికల్లో 1, 2, 3 వేసేది మనమే. నేనూ ఆ మధ్య మొదటిసారి పట్టభద్రుల ఓటు వేశా. 1 వేశా, పేపర్ మడిచా, బాక్సులో పడేసి వచ్చేశా. నేను వేసినాయన ఎలిమినేట్ అయ్యాడని టీవీలో స్క్రోలింగ్ వేసింది కూడా నేనే. ఇంకో నంబర్ వేసి ఉంటే నా ఓటు ఇంకా లెక్కింపు టేబుల్ మీదే ఉండేది.

2025 మార్చిలో కరీంనగర్–నిజామాబాద్–ఆదిలాబాద్–మెదక్ పట్టభద్రుల స్థానం లెక్కింపు చూసే ఉంటారు. 56 మంది అభ్యర్థులు, మూడు రోజుల లెక్కింపు. మొదటి ప్రాధాన్యతలో ఎవరూ కోటా అందుకోలేదు. ఒక్కొక్కరినీ ఎలిమినేట్ చేసుకుంటూ పోతే చివరికి బీజేపీ అభ్యర్థి అంజిరెడ్డి గెలిచారు. ఆ ఎన్నికలో చెల్లకుండా పోయినవి 28 వేలకు పైగా ఓట్లు. అందరూ డిగ్రీ పాసైనవాళ్లే మరి!

అందుకే ఈసారి ఆ బ్యాలెట్ చేతికొస్తే ఇవి గుర్తుంచుకోండి. పోలింగ్ సిబ్బంది ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్నే వాడాలి, జేబులో పెన్ను తీయొద్దు. టిక్కులు, ఇంటూలు పెట్టొద్దు, అంకెలే వేయాలి. శ్రీలంకలో ఇంటూ చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. 1 తప్పనిసరి, అది లేకుండా 2, 3 వేస్తే ఓటు పోయినట్టే. 1ని ఇద్దరికి వేసినా, పేపర్ మీద సంతకం గానీ పేరు గానీ రాసినా అంతే. 2 నుంచి ఎన్ని నంబర్లు వేయాలన్నది మీ ఇష్టం. బరిలో ఎంతమంది ఉంటే అంతమందికీ వేసుకోవచ్చు.