పనిగంటల పద్దు రాసే యంత్రం

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ అనే ఊళ్లో విల్లర్డ్ బండీ అనే నగల వ్యాపారి ఉండేవాడు. 1888 ప్రాంతంలో ఆయన తయారుచేసిన గడియారం టైము చూపించి ఊరుకునే రకం కాదు. కార్ఖానాలో పనిచేసే ఒక్కొక్కరికీ ఒక్కో నంబరున్న తాళంచెవి ఇస్తారు. వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ దాన్ని గడియారంలో పెట్టి తిప్పాలి. లోపలున్న కాగితం చుట్ట మీద ఆ నంబరు, ఆ సమయం అచ్చుపడతాయి. అంతకుముందు ఈ పని గేటు దగ్గర పుస్తకం పట్టుకు కూర్చున్న గుమాస్తాది. ఆయన దయగలవాడైతే ఐదు నిమిషాల ఆలస్యాన్ని చూసీచూడనట్టు వదిలేసేవాడు. గిట్టనివాడైతే లేని ఆలస్యం కూడా రాసేవాడు. యంత్రానికి దయా లేదు, పగా లేదు.

మరుసటి ఏడాదే బండీ సోదరుడు హార్లో బింగ్‌హామ్‌టన్‌లో ఈ గడియారాల కంపెనీ పెట్టాడు. చేతులు మారి, ఇతర కంపెనీలతో కలిసి, 1911లో అది మరో పెద్ద సంస్థలో భాగమైంది. ఆ సంస్థే 1924లో పేరు మార్చుకుని ఐబీఎం అయింది. కంప్యూటర్ల కంపెనీగా ప్రపంచమంతా ఎరిగిన ఐబీఎం వంశవృక్షంలో హాజరు గడియారం ఉందన్నమాట. 1958లో ఆ విభాగాన్ని అది అమ్మేసింది.

గేటు దగ్గరి గడియారానికి తెలిసేది మనిషి రాకపోకలే. లోపల ఏ పనికి ఎంతసేపు పట్టిందో అది చెప్పలేదు. ఆ లెక్క కోసం ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు 1880ల్లోనే ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో స్టాప్‌వాచ్ పట్టాడు. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఎన్ని సెకన్లో రాసి, రోజుకు ఎంత పని జరగాలో నిర్ణయించేవాడు. ఈ పద్ధతి 1911 ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారానికి చేరగానే పోతపనివాళ్లు పనిముట్లు కింద పెట్టి బయటికి నడిచారు. సమ్మె వారం రోజులే సాగింది, గొడవ మాత్రం చట్టసభ దాకా వెళ్లింది. స్టాప్‌వాచ్‌తో ప్రభుత్వ కార్మికుల పని కొలిచేవారికి జీతాలివ్వడానికి వీల్లేదని అమెరికన్ కాంగ్రెస్ బడ్జెట్ చట్టాల్లో షరతు పెట్టింది. ఆ షరతు 1949 దాకా నిలిచింది.

కార్మికుడు వద్దన్న లెక్కను లాయరు కోరి నెత్తికెత్తుకున్నాడు. బోస్టన్‌కు చెందిన రెజినాల్డ్ హీబర్ స్మిత్ 1919లో హేల్ అండ్ డోర్ అనే న్యాయవాద సంస్థ నిర్వహణ చేపట్టి, ఏ కేసుకు ఎంత సమయం వెచ్చించారో ప్రతి లాయరూ రాయాలన్నాడు. గంటను పదో వంతులుగా కోశాడు. వంతుకు ఆరు నిమిషాలు. దీని సుఖం లెక్కల్లో ఉంది: 18 నిమిషాలంటే 0.3 గంట, గంట రేటుతో గుణిస్తే బిల్లు తయారు. విచిత్రమేమిటంటే, అదే స్మిత్ అంతకుముందు పేదలకు ఉచిత న్యాయసహాయం అందించే సంస్థను నడిపాడు, దాని గురించి పేరుపొందిన పుస్తకమూ రాశాడు. న్యాయం ఖరీదైపోయిందని బాధపడిన మనిషే దాన్ని నిమిషాల లెక్కన అమ్మడానికి తూనికరాయి తయారుచేసి ఇచ్చాడు.

ఎవరూ అడగకుండానే ఈ పద్దు రాసుకున్నవాళ్లూ ఉన్నారు. సోవియట్ కీటక శాస్త్రవేత్త అలెగ్జాండర్ ల్యూబిషెవ్ 1916 నుంచి 1972లో కన్నుమూసే వరకు తన రోజులన్నిటికీ లెక్క రాశాడు. మధ్యలో తీసుకున్న విరామాలు తీసేసి అసలు పని ఎంతో విడిగా చూపేవాడు. నెల చివర ఒక మొత్తం, ఏడాది చివర మరో మొత్తం. ఆయన పోయాక దానీల్ గ్రానిన్ అనే రచయిత ఈ వింత జీవితం మీద పుస్తకం రాసి ఆయన్ని దేశమంతటికీ పరిచయం చేశాడు. ఆ డైరీలను తనిఖీ చేసే పై అధికారి లేడు. అందుకే కాబోలు, వాటిలో అబద్ధం రాయాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

1980ల్లో పర్సనల్ కంప్యూటర్లు వ్యాపించాక లాయర్ల కాగితాల స్థానంలో టైమ్‌స్లిప్స్ వంటి సాఫ్ట్‌వేర్లు దిగాయి. 2003లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేసే ఖగోళ శాస్త్రవేత్త కార్స్టెన్ డొమినిక్ తన నోట్సు సర్దుకోవడానికి ఆర్గ్ మోడ్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు. తర్వాత దానికి పనిగంటలు లెక్కించే సదుపాయం కూడా తోడైంది. 2006లో పనిగంటలు లెక్కించే సాఫ్ట్‌వేర్లు మరో రెండు, ఎస్టోనియాలో టాగుల్, న్యూయార్క్‌లో హార్వెస్ట్, పుట్టాయి.

వీటి లోపల జరిగేది చాలామంది అనుకునేది కాదు. ‘స్టార్ట్’ నొక్కగానే తెరమీద సెకన్లు పరుగెడతాయి గానీ, అక్కడ సెకన్లు లెక్కపెడుతున్నవారెవరూ లేరు. మొదలైన క్షణాన్ని సాఫ్ట్‌వేర్ ఒక్కసారి రాసి పెట్టుకుంటుంది. తర్వాత ఎప్పుడు చూసినా ఇప్పటి సమయంలోంచి దాన్ని తీసివేసి మిగిలింది చూపిస్తుంది. మధ్యలో కంప్యూటర్ ఆగిపోయినా లెక్క చెడదు. చాలా కంప్యూటర్లు ఈ క్షణాన్ని 1970 జనవరి 1 గ్రీనిచ్ అర్ధరాత్రి, అంటే మన ఉదయం ఐదున్నర, నుంచి గడిచిన సెకన్ల సంఖ్యగా దాస్తాయి. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింటుకు పనిచేసేవారికి ఇది పెద్ద రక్షణ. అమెరికాలో నవంబరులో గడియారాన్ని గంట వెనక్కి తిప్పిన రాత్రి ఒంటిగంటకూ రెండింటికీ మధ్య సమయం రెండుసార్లు వస్తుంది. గోడ గడియారాన్ని నమ్మితే ఆ గంట గల్లంతే.

కష్టమంతా కుర్చీ ఖాళీ అయినప్పుడే. టైమర్ ఆపకుండా మనిషి టీకి వెళ్లాడనుకుందాం. కీబోర్డుగానీ మౌస్‌గానీ చివరిసారి కదిలిన సమయం ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ దాన్ని అడిగి, నిర్ణీత నిమిషాలు దాటితే ఖాళీ సమయంగా గుర్తిస్తుంది. ఆర్గ్ మోడ్‌కు కాస్త మర్యాద ఉంది. మనిషి తిరిగొచ్చాక ఆ నిమిషాలను ఉంచాలా, తీసెయ్యాలా అని అతన్నే అడుగుతుంది. ఇంటి నుంచి గంటల లెక్కన పనిచేసేవారి కోసం ఓడెస్క్ అనే వెబ్‌సైటు, నేటి అప్‌వర్క్, పెట్టిన పద్ధతి వేరు. పది నిమిషాలకోసారి తెర ఫొటో తీసి క్లయింటుకు చూపిస్తుంది.

కాగితం మీద చిక్కుముడి విప్పుతున్న ప్రోగ్రామరు, ఫోనులో క్లయింటుకు సర్దిచెబుతున్న మేనేజరు ఈ లెక్కలో సోమరులే. వేళ్లు ఆడించేవాడు కష్టజీవి. కొలత ఇంత గుడ్డిదైతే దాన్ని మోసగించే వస్తువు బజారులోకి రాక మానదు. మౌస్‌ను దానంతటదే కదిలించే పరికరాలు వచ్చాయి. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు వాడుతున్నట్టు భ్రమ కల్పించారంటూ పన్నెండుమందికి పైగా ఉద్యోగులను తొలగించింది.

మన పల్లెల్లో ఈ యంత్రం ఉపాధి హామీ కూలీల దగ్గరికి వచ్చింది. 2023 జనవరి 1 నుంచి పని జరిగే చోట మేటు రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలన్నారు. సిగ్నల్ అందని చోట ఎండలో తవ్విన మట్టి కళ్లెదుటే ఉన్నా, ఫొటో ఎక్కకపోతే హాజరు పడేది కాదు. పాత రోజుల్లో గుమాస్తా తప్పు రాస్తే గేటు దగ్గర దెబ్బలాడటానికి ఒక మనిషైనా ఉండేవాడు.

అలాగని పద్దే వద్దనడం పొరపాటు. స్పెయిన్‌లో డాయిచే బ్యాంకు అనుబంధ సంస్థ మీద కోర్టుకెక్కింది కార్మిక సంఘమే. రోజూ ఎన్ని గంటలు చేశామో రాసే ఏర్పాటు లేనిదే అదనపు గంటలను నిరూపించలేమన్నది వారి వాదన. రోజువారీ పనిగంటలు నమోదుచేసే నమ్మదగిన ఏర్పాటు యజమానులు పెట్టి తీరాలనేలా ప్రభుత్వాలు చూడాలని 2019 మే 14న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. వాటర్‌టౌన్‌లో గడియారాన్ని తరిమిందీ, స్పెయిన్‌లో దాన్ని పెట్టమన్నదీ కార్మికులే. వారి పోరాటం గడియారంతో కాదు, ఆ పద్దు పుస్తకం ఎవరి చేతిలో ఉంటుందన్నదానితో.

కాబట్టి శుక్రవారం సాయంత్రం టైమ్‌షీట్ నింపి పంపేవాళ్లు ఒక పని చేయాలి. ఆ వారం నిజంగా చేసిన గంటలను, శనాదివారాల ఫోన్లతో సహా, తమ సొంత నోట్సులో కూడా రాసిపెట్టుకోవాలి.