అమీర్‌పేట స్టేషన్లో బోరు మోటారు

హైదరాబాదు మెట్రోలో అమీర్‌పేట కూడలి స్టేషను. మియాపూర్–ఎల్.బి.నగర్ లైనూ, నాగోల్–రాయదుర్గం లైనూ ఇక్కడ ఒకదానిపై ఒకటిగా దాటుకుంటాయి. 2017 నవంబరులో తెరిచిన ఈ స్టేషను గురించి ఎవరైనా చెప్పేది జనం, ఎస్కలేటర్లు, కోచింగ్ సెంటర్ల కుర్రాళ్ళ గురించే. నేను చెప్పబోయేది రైలుపెట్టెల కింద కనబడకుండా ఉండే మోటారు సంగతి. మా పొలంలో బోరులోకి దించిన మోటారుకు అది అన్నదమ్ముల వరస.

రెండూ త్రీఫేజ్ ఇండక్షన్ మోటార్లే. మూడు ఫేజుల కరెంటు ఒకదాని వెనుక ఒకటి పెరిగి తగ్గుతూ ఉంటే, మోటారు లోపల అయస్కాంత క్షేత్రం గిర్రున తిరుగుతుంది. రోటారు దాని వెంటపడుతుంది గానీ ఎప్పుడూ కాస్త వెనకే. ఆ వెనకబాటు వల్లనే దానికి తిరిగే బలం వస్తుంది. మన కరెంటు పౌనఃపున్యం సెకనుకు 50 సైకిల్సు. బోరు మోటారులో క్షేత్రం నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే రోటారు సుమారు 2,850 తిరుగుతుంది.

ఒక ఫేజు పోయిందనుకోండి. క్షేత్రం సరిగా తిరగదు. మోటారు మూలుగుతుంది. మిగతా ఫేజుల్లో కరెంటు ఎక్కువై వైండింగు మాడుతుంది. మా నాయన ఒక్క యాసంగిలోనే రెండుసార్లు రీవైండింగు చేయించాడు. మోటారు పైకి తీసే కూలి వేరే. వరి పొట్ట మీదుండగా ఆ నాలుగు రోజులు ఎలా గడుస్తాయో రైతుల ఇళ్ళలో చెప్పనక్కరలేదు.

తమాషా ఏమిటంటే, మెట్రో రైలుకు పైతీగ ఇచ్చేది ఒక్క ఫేజే! 25,000 వోల్టులు. దాన్ని ట్రాన్స్‌ఫార్మరుతో తగ్గించి, డి.సి.గా మార్చి, ఇన్వర్టరుతో మూడు ఫేజులు తానే తయారు చేసుకుంటుంది. పౌనఃపున్యం కూడా తన ఇష్టమే: బయల్దేరేటప్పుడు తక్కువ, జోరందుకునే కొద్దీ ఎక్కువ.

స్టేషను దగ్గరికొచ్చేసరికి పౌనఃపున్యం తగ్గుతుంది. క్షేత్రం నెమ్మదిస్తుంది, రోటారు మాత్రం రైలు ఊపు మీద దాన్ని దాటిపోతుంది. అలా వెనక ఉండాల్సింది ముందుకొస్తే మోటారు కాస్తా జనరేటరయి కూర్చుంటుంది! రైలు వేగం కరెంటుగా మారి పైతీగలోకి వెళ్ళి, అప్పుడే కదులుతున్న ఇంకో రైలుకు పనికొస్తుంది. ఉత్త బ్రేకులతోనే ఆపితే ఇదంతా వేడిగా పోయేది. చివరి కొద్ది గజాలు మాత్రం గాలి బ్రేకులే ఆపుతాయి, అంత నెమ్మది మీద పుట్టే కరెంటు స్వల్పం కనుక.

కొన్ని సోలార్ పంపుసెట్లలోనూ ఇలాంటి ఇన్వర్టరే ఉంటుంది. ఎండ తగ్గితే పౌనఃపున్యం తగ్గించి మోటారును నెమ్మదిగా నడుపుతుంది. మామూలు కరెంటు మోటారుకు అంత హంగు అక్కర్లేదు. ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటరు ఒకటుంటే వైండింగు దక్కుతుంది. సెలవులకు ఊరెళ్ళే మిత్రులు మెయిను తీయించి, ఎలక్ట్రీషియను చేత మీ స్టార్టరు పెట్టె తెరిపించి, అది ఉందో లేదో ఒకసారి చూడండి.