తన్నును పనిలో పెట్టే తుపాకీ

మట్టిపిట్టలను కొట్టే ఆటలో ఈనాడు పిట్టా లేదు, మట్టీ లేదు. పూర్వం బ్రతికి ఉన్న పావురాలనే ఎగురవేసి కాల్చేవారు. 1880లో అమెరికాలోని సిన్సినాటి నగరవాసి జార్జి లిగోవ్‌స్కీ కాల్చిన మట్టితో చిన్న పళ్ళెంవంటి లక్ష్యాన్ని తయారుచేశాడు. ఆ పేరు నిలిచిపోయింది గాని, ఇప్పటి పళ్ళెం సున్నపురాతి పొడినీ, కీలునూ కలిపి అచ్చుపోసినది. దీని వ్యాసం 110 మిల్లీమీటర్లు, బరువు సుమారు 105 గ్రాములు. యంత్రం దీనిని గాలిలోకి విసరుతుంది. అది నేల చేరేలోగా ఆటగాడు పగులగొట్టాలి. 1962లో కైరో ప్రపంచ పోటీలలో బికనీరు మహారాజు కర్ణీసింగ్ రజత పతకం పొందినది ఈ ఆటలోని ట్రాప్ అనే పోటీలోనే. హైదరాబాదుకు చెందిన కైనాన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్సులో ఇదే పోటీలో పాల్గొన్నాడు.

ఈ ఆటకు సాధారణంగా వాడేది 12 బోరు తుపాకీ. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గోళాలుగా పోస్తే ఒక్కొక్క గోళానికి ఎంత వ్యాసం ఉంటుందో, అదే గొట్టం లోపలి వ్యాసం. ఉపాధ్యాయులు దీనిని నల్లబల్ల మీద చేయించవచ్చును: గోళం బరువు 37.8 గ్రాములు, సీసం సాంద్రత 11.34, వ్యాసం 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. కనుక 20 బోరు గొట్టం 12 బోరుకంటె సన్నని దన్నమాట. పొరపాటున 20 బోరు తూటాను 12 బోరు తుపాకీలో వేస్తే అది జారిపోయి గొట్టంలో ఇరుక్కుంటుంది. దాని వెనుక మరొక తూటా పేలిస్తే గొట్టమే బద్దలవుతుంది. రెండు రకాల తూటాలను ఒకే సంచిలో ఉంచరాదు.

ఇక తుపాకీ తన్ను సంగతి. ఒలింపిక్ పోటీ తూటాలో 24 గ్రాముల గుళ్ళు ఉంటాయి. అవి సెకనుకు సుమారు 400 మీటర్ల వేగంతో వెడలుతాయనుకొందాం. వాటి ద్రవ్యవేగం 0.024 × 400, అనగా 9.6. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం అంత ద్రవ్యవేగమూ తుపాకీకి వెనుకవైపు కలగాలి. తుపాకీ బరువు మూడున్నర కిలోలైతే అది సెకనుకు 2.7 మీటర్ల వేగంతో భుజాన్ని తాకుతుంది. మూడు కిలోలే అయితే వేగం 3.2 మీటర్లు. మందు వాయువులను, గుళ్ళ వెనుకనుండే బిరడాను కూడా లెక్కవేస్తే మరికొంచెం ఎక్కువ. ఒక దెబ్బకు ఏమీ కాదు. వంద దెబ్బలు తిన్న భుజం మాత్రం మీట నొక్కకముందే జంకుతుంది. గురి తప్పేది అక్కడే.

ఈ తన్నులో కొంత భాగాన్ని పనిలో పెడితే? 1900లో జాన్ బ్రౌనింగ్ పేటెంటు పొందిన తుపాకీ అటువంటిదే. పేలినప్పుడు గొట్టమే వెనుకకు జరిగి, ఖాళీ తూటాను తీసివేసి కొత్తదానిని ఎక్కించేది. ప్రతి దెబ్బకూ మీట నొక్కవలసిందే గనుక ఇది అర్ధ స్వయంచాలకం. తరువాత వచ్చిన వాయు పద్ధతిలో గొట్టానికి సన్నని రంధ్రాలుంటాయి. వాటిగుండా కొంత వాయువు వెలుపలికి వచ్చి పిస్టనును నెడుతుంది. పిస్టను బోల్టును నెడుతుంది. మొత్తం ద్రవ్యవేగం ఇందువల్ల చెప్పుకోదగినంత తగ్గదు. అది భుజానికి చేరే కాలం పెరుగుతుంది, బలం తగ్గుతుంది. పైనుంచి విసిరిన ఇటుకను కూలీ చేతులు వెనుకకు తీసుకుంటూ అందుకోవడం లేదా! మూడవది జడత్వ పద్ధతి. తుపాకీ వెనుకకు కదిలినా లోపలి బరువైన బోల్టు ఉన్నచోటనే ఉండజూస్తుంది; మధ్యనున్న స్ప్రింగు నొక్కుకొని, మరుక్షణంలో బోల్టును వెనుకకు తంతుంది. దీనిలో మసి తక్కువ, తన్ను కొంత ఎక్కువ. తుపాకీ కదలకపోతే ఇది పనిచేయదు. కనుక దీనికి అదనపు బరువులు తగిలించడం మంచిది కాదు.

ఎన్నుకొనేటప్పుడు మొదట చూడవలసినది, మనం వాడబోయే తేలిక తూటాలతో అది తడబడకుండా తిరుగుతున్నదా అని. బరువు తూటాలకోసం చేసిన తుపాకీకి 24 గ్రాముల తూటా ఇచ్చే ఊపు చాలకపోవచ్చును. తరువాత మడమ పొడవు, చెంప ఆనించే ఎత్తు. ఈ తుపాకీకి వెనుక గురి లేదు. కన్నే వెనుక గురి. చెంప అటూ ఇటూ అయితే గురీ అటూ ఇటూ అవుతుంది. నా మటుకు చెక్కడపు పని మీద పెట్టే డబ్బు తూటాల మీద పెట్టడం మేలు. పెద్ద పోటీలలో చాలామంది పైనొకటి క్రిందొకటిగా రెండు గొట్టాలున్న తుపాకీనే వాడుతారు. దానిని విరిచి పట్టుకొంటే ఖాళీగా ఉన్నదని దూరాన ఉన్నవారికీ తెలుస్తుంది. అర్ధ స్వయంచాలకానికి ఆ సౌకర్యం లేదు. కనుక బోల్టును తెరిచే ఉంచాలి. 1959 ఆయుధ చట్టం ప్రకారం మన దేశంలో లైసెన్సు తప్పనిసరి.

శుభ్రపరచే ముందు గదినీ, తూటాలు నిలువచేసే గొట్టాన్నీ కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోవాలి. వాయు తుపాకీలో మసి పేరుకొనేది పిస్టను వద్ద, రంధ్రాలలో. రంధ్రం పూడితే వాయువు తగ్గి, ఖాళీ తూటా సగంలో చిక్కుకుంటుంది. ఇక్కడ చాలామంది నూనె దట్టంగా పూస్తారు. నూనె మసిని పట్టి జిగురుగా మారుతుంది. గుడ్డతో అద్దిన పలుచని పూత చాలు. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 వంటివాటిలో వాయువు వెలుపలికి పోకుండా ఒక రబ్బరు వలయం ఉంటుంది. అది చిట్లితే తుపాకీ మొరాయిస్తుంది. అణా ఖరీదు వస్తువే గాని, సంచిలో ఒకటి అదనంగా ఉండాలి. కోస్తా గాలిలో మడమ లోపల దాగిన స్ప్రింగుకు తుప్పు త్వరగా పడుతుంది. అది కంటికి కనబడదు గనుక ఏడాదికొకసారైనా పనివానిచేత విప్పించి చూడాలి.