కలివికోడి: అదర్శనమును లోపమును

వ్యాకరణశాస్త్రమున లోపమనఁగా నదర్శనమని పాణినిమహర్షి నిర్వచించెను. ఉండవలసిన వర్ణము తోఁపకుండుటయే లోపము. అది యెక్కడికిఁ బోయెనను విచారముతో శాబ్దికునకుఁ బనిలేదు. ఈ నిర్వచనము శబ్దమునకుఁ జాలును, ప్రాణికిఁ జాలదు. ఒక పక్షిజాతి కనఁబడకుండుట వేఱు, లోపించుట వేఱు. ఈ భేదమును గుర్తింపనిచో నెట్టి యనర్థము గలుగునో, దానిని నిర్ణయించుటకు నేఁటి ప్రకృతిశాస్త్రజ్ఞు లే యుపాయముల నవలంబించుచున్నారో, తెలుఁగునేలను ప్రధాననివాసముగాఁ గొన్న కలివికోడి నుదాహరణముగాఁ జేసికొని యీ వ్యాసమున వివరించెదను.

ముందుగా నామవిచారము. కలివి యనునది వాకజాతికిఁ జేరిన ముండ్లపొద. వాకకు సంస్కృతమునఁ గరమర్దమని పేరు. ఆ పొదల నడుమఁ దిరుగునది కావునఁ గలివికోడి. ఇది నిజముగాఁ గోడిజాతిలోనిది కాదు. నీటికోడి మొదలగు పేళ్లయందువలెనే యిచ్చటను గోడిశబ్దము సాదృశ్యమునుబట్టి వచ్చినది. పొడవు రమారమి 27 సెంటీమీటర్లు, ఱొమ్మున రెండు పట్టెలు, కన్నులు పెద్దవి. పగలు పొదలనీడ నణఁగియుండి, చీఁకటిపడిన పిమ్మట నేలపైఁ దిరుగుచు మేఁత వెదకికొనును. పేరు నివాసమును జెప్పుచున్నది. స్వభావ మదర్శనమునకు హేతువును జెప్పుచున్నది.

ఇఁక దీని చరిత్రము. చెన్నపురి సైన్యమున వైద్యుఁడుగా నుండిన జెర్డను దొర మూలమున నీ పక్షి 1848లో బాశ్చాత్యుల పక్షిశాస్త్రమున కెక్కెను. ఆ పిమ్మటఁ బెన్నా గోదావరీ పరీవాహములందుఁ గొలఁది తావుల మాత్రమే కనఁబడెను. 1900లో ననంతపురము దాపునఁ గనఁబడిన తరువాత నెనుబదియాఱేండ్లు శాస్త్రజ్ఞుల కంటఁ బడలేదు. పలువురు దీనిని లోపించినదానిగానే యెంచిరి. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకిఁ జెందిన భరత్ భూషణ్ గారు, కడపసీమలోని లంకమల కొండల చెంత, స్థానికులైన వేఁటకాండ్ర సాయమున దీనిని మఱలఁ గనుఁగొనిరి. శాస్త్రజ్ఞులకు లేని పక్షి యచ్చటి పల్లెవారికిఁ బేరుతోఁ గూడ నుండెను.

సాహిత్యపరిశోధకులకు నిట్టి సంఘటనము క్రొత్తది కాదు. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లోఁ బ్రకటించువఱకు నన్నెచోడుని కుమారసంభవమును మనలో నెఱిఁగినవారు లేరు. అయినను సామ్య మింతవఱకే. తాళపత్రప్రతి యొక్కటియే భాండాగారమున నూఱేండ్లు నిద్రింపఁగలదు. పక్షి యట్లు నిద్రింపదు. ఆ యెనుబదియాఱేండ్లును దరమువెనుకఁ దరముగాఁ గలివికోళ్లు గ్రుడ్లు పెట్టి, పిల్లలఁ బెంచినఁగాని 1986లోఁ గనఁబడిన పక్షి యుండదు. అనఁగా నా యదర్శనకాల మంతయుఁ బొదలు నిలిచియుండెనని యర్థము. ఎవ్వరైన నీ పక్షి లేదని నిశ్చయించి యా పొదలను దున్నించియుండినచో, ఆ నిశ్చయమే తరువాత సత్యమై యుండెడిది.

ఇది యూహామాత్రము కాదు. ఫిలిప్పీను ద్వీపములలో సెబూ యనునది యొకటి. అందలి వర్షారణ్యము మిక్కిలి నఱకఁబడుటచే, అచ్చటఁ దప్ప మఱియెచ్చటను లేని యొక చిన్ని పూలపిట్ట నశించెనని పక్షిశాస్త్రజ్ఞులు తలఁచిరి. పక్షియే లేనప్పు డడవితోఁ బనియేమని మిగిలిన తునుకలపైఁ జూపు సన్నగిల్లెను. 1992లో నా పిట్ట యట్టి తునుకలోనే మఱలఁ గనఁబడెను. ఇట్టి తొందరపాటునకు వారు రోమియో ప్రమాదమని పేరిడిరి. షేక్స్పియరు నాటకమున, మందుచే నిద్రించు నాయికను మృతురాలిగా నెంచి నాయకుఁడు ప్రాణములు విడుచును. మేల్కొన్న నాయికయు నది చూచి మరణించును. లేని మరణము తలంపుచే నిజమగును.

కావున లోపనిర్ణయమునకుఁ గఠినమైన నియమ మేర్పడినది. కడపటి ప్రాణి మరణించెననుటకు సహేతుకమైన సందేహ మేమియు మిగులరాదు. అది యుండఁదగిన తావులన్నింట, తగిన కాలమున, తగిన వేళ వెదకియుండవలెను. రాత్రించరమైన పక్షిని బగటివేళ వెదకి లేదనుట చెల్లదు. కలివికోడి విషయమున బొదల నడుమ మెత్తనిమన్ను పఱచి, తెల్లవాఱినపిమ్మట నందలి యడుగుజాడలఁ బరీక్షించిరి. తమంత ఛాయాచిత్రములు తీయు యంత్రముల నమర్చిరి. మునిమాపువేళ దాని కూఁతను యంత్రమున వినిపించి, బదులుకూఁతకై చెవియొగ్గిరి.

లోపము నిర్ణయింపఁబడు లోపల నపాయపరిమాణమును గణించుట రెండవ పని. ప్రకృతిసంరక్షణ కేర్పడిన యంతర్జాతీయసంఘము వారు తమ యెఱ్ఱపట్టికలో దీనికై యైదు పరీక్షల నేర్పఱచిరి. అందు మిక్కిలి తీవ్రమైన యపాయస్థితికి హద్దు లివి. సంఖ్య పదేండ్లలోఁ గాని మూఁడు తరములలోఁ గాని నూటి కెనుబది వంతులు తగ్గుట మొదటిది. ఆ తగ్గుదల హేతువు తెలిసి, నిలిచిపోయి, మరలఁ బూరింపఁదగినదైనచో హద్దు తొంబది. వ్యాపించిన ప్రదేశము 100 చదరపు కిలోమీటర్లకు లోఁబడి, తునుకలై క్షీణించుచుండుట రెండవది. ఈడువచ్చిన ప్రాణులు 250కి లోఁబడి, యింకను దగ్గుచుండుట మూఁడవది. తగ్గినను దగ్గకున్నను 50కి లోఁబడుట నాలుగవది. పదేండ్లలోఁ గాని మూఁడు తరములలోఁ గాని నశించుటకు సగపాలు సంభావ్యత గలదని గణితముచేఁ దేలుట యైదవది. వీనిలో నొక్కటి సిద్ధించినను జాలును. గ్రుడ్లను, పిల్లలను లెక్కింపరు. సంతానము గనఁగలవానినే లెక్కింతురు. కలివికోళ్లు 250కి లోపలనే యుండునని యెంచి, దీనిని మిక్కిలి తీవ్రమైన యీ స్థితిలోనే చేర్చిరి.

చూడరాని పక్షిని లెక్కించు టెట్లని ప్రశ్న. ఇచ్చట నివాసమే ప్రమాణము. వర్షారణ్యపక్షి కడవి యెంత మిగిలెనో కొలుచునట్లే, యీ పక్షికిఁ బొదలఁ గొలువవలెను. రెండు మీటర్లకు మించిన పెద్దపొదలు హెక్టారునకు 300 మొదలు 700 వఱకుఁ గలచోట్లనే కలివికోడి యెక్కువగా నుండునని పరిశోధకులు కనుఁగొనిరి. పొదలు నఱకి బయలు చేసినను నిది యుండదు. దట్టముగా నల్లుకొనిపోయినను నుండదు. పశువుల మేఁతయు వంటచెఱకు కొట్టుటయు మితముగా నున్నచో నా మధ్యమస్థితి నిలుచును, మితిమీఱినచోఁ జెడును. ఇట్టి నేలను మనము బంజరని వ్రాసికొందుము. ఆ యొక్క మాటతో దాని విలువ సున్నయై, యెవ్వరేమి చేసినను నష్టము లేనిదిగాఁ దోఁచును.

లంకమల ప్రాంతమున 1988లో శ్రీలంకమల్లేశ్వర వన్యప్రాణిరక్షణాలయ మేర్పడెను. అయినను 2005లోఁ దెలుఁగుగంగ కాలువ త్రవ్వకమునకై యంత్రము లీ పక్షి తిరుగు పొదలను గొంత పెకలించెను. వ్యవహారము సర్వోన్నతన్యాయస్థానపుఁ గేంద్రసాధికారసంఘము వఱకుఁ బోయి, తుదకుఁ గాలువదారి మార్పఁబడెను. ఇందుఁ గాలువను నిందించుట న్యాయము కాదు. పాలమూరుసీమలోఁ బెద్దమందడివంటి మెట్టయూళ్లవారికిఁ గాలువనీటి విలువ యొకరు చెప్పఁబనిలేదు. నీరు రావలసినదే. కాని కాలువకు రెండుదారు లుండవచ్చును. కలివికోడికి రెండవచోటు లేదు. దారి మార్చినను నీరు పాఱుటయే దీనికి నిదర్శనము.

ఆ పిమ్మటఁ బెక్కేండ్లు మరల నదర్శనమే. 2025 ఆగస్టులో నాంధ్రదేశమునఁ బక్షిపరిశీలకులు దీని కూఁతను యంత్రమున గ్రహించిరి. చూపున కందనిది చెవి కందెను.

కావున నీ విషయమున మనము పాటింపవలసిన వాగ్నియమ మొకటి కలదు. కనఁబడలేదని చెప్పవలసినచోట లేదని చెప్పరాదు. మొదటిది మన యెఱుకను గూర్చిన మాట. రెండవది పక్షి ప్రాణమును గూర్చిన తీర్పు. పల్లెలలో నింకను వినవచ్చు పులుఁగుల పేళ్లను, అవి తిరుగు తావులను వ్రాసి కాపాడుట భాషాసేవయే యగును. నిఘంటువున కెక్కని యా పేళ్లలోనే, శాస్త్రమున కందని సాక్ష్యము మిగిలియుండవచ్చును.