కొత్తవారికి తలుపు మూసిన పథకం

సెల్‌ఫోనులో వచ్చే పెట్టుబడి పథకాలను గూర్చి తనిఖీకి వెళ్ళినచోటల్లా సభ్యులు మమ్ములను అడుగుచున్నారు. పాత ఉదాహరణ ఒకటి చెప్పెదము.

2005లో అమెరికాలో ‘ట్వెల్వ్ డైలీ ప్రో’ అను ఇంటర్నెట్ పథకం నడిచింది. 6 డాలర్ల యూనిట్ కొని దినమునకు 12 ప్రకటన పేజీలు చూచినచో, రోజుకు 12 శాతం చొప్పున 12 రోజులు ఇస్తామన్నారు. అనగా 6 డాలర్లకు 8 డాలర్ల 64 సెంట్లు!

అప్పట్లో చాలా ఇళ్ళలో ఇంటర్నెట్ టెలిఫోను తీగపైనే. గరిష్ఠ వేగం సెకనుకు 56 కిలోబిట్లు. నూరు కిలోబైట్ల పేజీకి పావు నిమిషమైనా పట్టేది, అంతసేపూ ఫోను పనిచేయదు. అలా కూర్చున్నవారికి అది కష్టార్జితమనిపించుట సహజమే. కాని పాలు పోయక వరుసలో నిలబడితే బిల్లు వస్తుందా?

లెక్కలలో మేము ముందు చూచేది జమ వైపు. అక్కడి సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ చూడగా, రాబడిలో కనీసం 95 శాతం సభ్యులు కట్టిన రుసుమే. 2006 ఫిబ్రవరిలో కోర్టు ద్వారా ఆస్తులు స్తంభింపజేశారు. చేరినవారు 3 లక్షల పైమాటే, సొమ్ము 5 కోట్ల డాలర్లకు పైగా.

ఇటువంటివి కొన్ని, “ఇక ప్రైవేటు, కొత్తవారికి ప్రవేశం లేదు” అని ప్రకటించును. పాతవారు అది తమకు రక్షణ అనుకొందురు. జమ అంతా కొత్తవారిదే అయినప్పుడు, తలుపు మూసిన పిదప చెల్లింపు ఎక్కడినుండి? నెమ్మది లైనుపై పేజీ తెరుచుకోకున్న, తప్పు తీగదో పథకానిదో తెలిసేదీ కాదు.

ఇప్పటికే కట్టినవారు రసీదులు, సందేశాలు తుడిచివేయక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను.