పట్టా చేతికొచ్చాక సంఘం తెరవగలిగిన తలుపు

ఆదివారం ఆరాధన ముగిసే ముందు ప్రార్థన అవసరతలు అడిగినప్పుడు మన సంఘాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. "అయ్యగారూ, మావాడి డిగ్రీ అయిపోయింది. ఉద్యోగం కోసం ప్రార్థన చేయండి." గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా ఆ తల్లి గొంతు ఒకేలా ఉంటుంది. అయ్యగారు ప్రార్థిస్తారు, సంఘమంతా ఆమేన్ అంటుంది. ఆ బిడ్డ ఇంటికి వెళ్లి ఫోన్‌లో నోటిఫికేషన్లు చూస్తూ కూర్చుంటాడు. ఏడాది గడుస్తుంది, రెండేళ్లు గడుస్తాయి. మెల్లగా యూత్ మీటింగ్‌కు రావడం మానేస్తాడు. కనబడినప్పుడల్లా "ఏం చేస్తున్నావు నాయనా?" అని మనమే అడుగుతాం. ఆ ప్రశ్నకు జవాబు లేకనే అతను గుడికి దూరమవుతున్నాడని మనకు తట్టదు.

ప్రార్థన చేయవలసిందే. అయితే ఆమేన్ అన్న తర్వాత సంఘం చేయవలసిన పని కూడా ఒకటుంది. అది ఉద్యోగం ఇప్పించడం కాదు. ఉద్యోగానికి ముందుండే మొదటి మెట్టు మీద అతన్ని నిలబెట్టడం.

బర్నబా ఏం చేశాడు?

సౌలు మారుమనస్సు పొంది యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులెవరూ అతన్ని నమ్మలేదు. అప్పుడు బర్నబా అతన్ని వెంటబెట్టుకొని అపొస్తలుల దగ్గరకు తీసుకెళ్లి, ఇతని గురించి నాకు తెలుసని చెప్పాడు (అపొ. కార్యములు 9:26–27). అంతటితో వదిలేయలేదు. తరువాత తార్సుకు వెళ్లి, సౌలును వెదకి పట్టుకొని అంతియొకయకు తీసుకొచ్చాడు. ఇద్దరూ ఒక సంవత్సరమంతా అక్కడి సంఘంతో ఉండి పని చేశారు (11:25–26).

సౌలుకు చదువు తక్కువై కాదు, గమలీయేలు దగ్గర చదివినవాడు. తలాంతు లేక కాదు. అతన్ని ఎరుగుదునని చెప్పే మనిషి ఒకరు, పక్కన ఉండి పని చేసే సంవత్సరం ఒకటి అతనికి కావలసి వచ్చాయి. మన పిల్లలకు లేనివి సరిగ్గా ఈ రెండే.

పట్నంలో పెరిగిన అబ్బాయికి ఆఫీసులో పనిచేసే మేనమామ ఉంటాడు. "మా వాడిని ఓ మూడు నెలలు కూర్చోబెట్టుకో" అని ఒక ఫోన్ చేస్తే పని జరుగుతుంది. మన ఊళ్లలో చాలా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆ బిడ్డే. వాళ్ల నాన్నకు ఫోన్ చేయడానికి ఎవరూ లేరు.

పాలమూరు పాత కథ

ఇది మనకు కొత్త కాదు. పాలమూరు మట్టి పనివాళ్లు దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు కట్టారు. "పాలమూరు లేబర్" అన్న పేరే పడిపోయింది. వాళ్లకు పని చూపించింది గుంపు మేస్త్రీ. అడ్వాన్సు ఇచ్చి, అప్పు కింద తీసుకెళ్లేవాడు. నేడు వాళ్ల మనవళ్లకు పని చూపిస్తామని వచ్చేది ఏజెంటు. ఇతను డబ్బు ముందే తీసుకుంటాడు. పద్ధతి మారినా, పనికి దారి తెలియనివాడి అవసరం మీద బతకడం మారలేదు.

మరో దారి కూడా ఇదే నేలమీద ఉండేది. నాగర్‌కర్నూల్, వనపర్తిలో మెన్నొనైట్ బ్రెదరెన్ మిషనరీలు, గద్వాలలో తొలుత అమెరికన్ బాప్టిస్టులు బడులు, బోర్డింగులు నడిపారు. అక్కడ చదువుకున్న పిల్లలు టీచర్లు, నర్సులు, కాంపౌండర్లు, బోధకులు అయ్యారు. పుస్తకంతో ఆగకుండా, పెద్దవాళ్ల పక్కన నిలబడి పని నేర్చుకున్నారు. మన సంఘాల్లో ఎందరి తాతలో అలా మొదటి జీతం అందుకున్నారు. ఆ భారం ఇప్పుడు మిషనరీలది కాదు, మనది.

ఇంటర్న్‌షిప్, అప్రెంటిస్‌షిప్ అంటే ఏమిటి?

ఇంటర్న్‌షిప్ అంటే ఒక సంస్థలో కొన్ని వారాలో నెలలో ఉండి పని ఎలా జరుగుతుందో నేర్చుకోవడం. భృతి ఉండవచ్చు, లేకపోవచ్చు. అప్రెంటిస్‌షిప్‌కు చట్టం ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం మొదట్లో ఐటీఐ తరహా పనులకే పరిమితం. 2014 సవరణతో బీఏ, బీకాం, బీఎస్సీ వంటి ఇంజనీరింగేతర డిగ్రీలవాళ్లకూ దారి తెరిచింది. ముప్పై మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న ప్రతి సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అంటే మన బిడ్డ వెళ్లి అడిగేది దయ కాదు, చట్టం పెట్టిన చోటు.

డిగ్రీ, డిప్లొమావాళ్లకు దీన్ని కేంద్ర విద్యాశాఖ నాట్స్ అనే పథకం కింద నడుపుతోంది. 2019 నిబంధనల్లో కనీస భృతి గ్రాడ్యుయేట్లకు నెలకు 9,000, డిప్లొమావాళ్లకు 8,000 రూపాయలుగా పెట్టారు. సంస్థ ఇంకా ఎక్కువ ఇవ్వవచ్చు. నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదుకు ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. శిక్షణ ముగిశాక ప్రభుత్వ గుర్తింపున్న సర్టిఫికెట్ వస్తుంది. ఆ సంస్థ తప్పకుండా ఉద్యోగం ఇవ్వాలన్న నియమం మాత్రం లేదు. ఈ సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పాలి.

రెండోది ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం. 2024 బడ్జెట్‌లో ప్రకటించి, అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ప్రారంభ నిబంధనల ప్రకారం వయసు 21 నుంచి 24 ఏళ్లు. పూర్తికాలం చదువులోగాని ఉద్యోగంలోగాని ఉండకూడదు. కుటుంబ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షలు దాటకూడదు. కుటుంబంలో పర్మనెంటు ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. పన్నెండు నెలలు పెద్ద కంపెనీల్లో ఉండాలని పెట్టారు. అప్పట్లో నెలకు 5,000, చేరేటప్పుడు ఒకసారి 6,000 రూపాయలుగా నిర్ణయించారు. దరఖాస్తులు విడతలుగా తెరుస్తారు కాబట్టి, గడువు, నిబంధనలు పోర్టల్‌లో చూసుకున్నాకే ముందుకు వెళ్లాలి. నాట్స్ కింద అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసినవాళ్లకు ఇందులో అర్హత పెట్టలేదు. అందుకే ఏది ముందు అన్నది ఆలోచించి ఎంచుకోవాలి.

రాష్ట్రంలో 2014లో మొదలైన టాస్క్ కాలేజీ విద్యార్థులకు, పట్టభద్రులకు నైపుణ్య శిక్షణ ఇస్తుంది. కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ఖాళీలు వెదకవచ్చు. ఇవన్నీ ఉన్నా మన పిల్లల్లో చాలామందికి వాటి పేర్లే తెలియవు.

మన దగ్గర ఏముంది?

"ఇక్కడ ఏముంది, హైదరాబాద్ పోవాల్సిందే" అంటాం. అది సగం నిజం. నడిగడ్డ హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తికి పేరు పొందింది. విత్తన సంస్థల పొలం పర్యవేక్షణ, నాణ్యత పరీక్ష, లెక్కల పని బీఎస్సీ, బీకాం పిల్లలు నేర్చుకోదగినవే. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. నేతగాళ్లకు మగ్గం తెలుసు, ఆన్‌లైన్ అమ్మకం, జీఎస్టీ లెక్క తెలిసిన చదువుకున్న చేతులు కావాలి. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. వనపర్తి జిల్లా మదనాపురంలో మరో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వనపర్తి రాజప్రాసాదంలో నడుస్తున్న పాలిటెక్నిక్ నుంచి ఏటా డిప్లొమా పిల్లలు బయటికొస్తున్నారు. జాతీయ రహదారి మీద కాస్త పైకి వెళ్తే జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలున్నాయి. కెమిస్ట్రీ, ఫార్మసీ చదివినవాళ్లకు అది దగ్గరి దారి.

ఇవి కాక ప్రతి పట్టణంలో చిన్న చోట్లున్నాయి. ఆడిటర్ ఆఫీసు, మెడికల్ షాపు, ఆసుపత్రి రికార్డు విభాగం, రైస్ మిల్లు అకౌంట్స్, ప్రైవేటు బడి. బీకాం చదివిన అమ్మాయి ఒక ఆడిటర్ దగ్గర మూడు నెలలు ట్యాలీ మీద బిల్లులు ఎక్కిస్తే, తర్వాతి ఇంటర్వ్యూలో "ఏం చేశావు?" అన్న ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉంటుంది. ఆ చోట్లలో మన సంఘ సభ్యులే పనిచేస్తున్నారు. పక్క బెంచీలో కూర్చున్న బిడ్డకు అక్కడ చోటు అడగవచ్చన్న ఆలోచనే రాలేదు.

జాగ్రత్తలు

ఇంటర్న్‌షిప్ కోసం డబ్బు అడిగేవాడు మోసగాడనే అనుకోండి. "సెక్యూరిటీ డిపాజిట్", "ట్రైనింగ్ ఫీజు", "బ్యాక్‌డోర్" అన్న మాట వినబడితే అక్కడే ఆగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా ఉంచవద్దు. చూపించి వెంటనే తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. సువార్త పేరు చెప్పి, విశ్వాసినని చెప్పి విదేశీ ఉద్యోగం ఆశ చూపేవాళ్లూ ఉంటారు. "ప్రైజ్ ద లార్డ్" అన్నంత మాత్రాన రసీదు అడగడం మానకండి.

ఆడపిల్లను పంపడానికి భయపడటం సహజం. ఆ భయంతో ఇంట్లో కూర్చోబెట్టడానికి ముందు వెళ్లి విచారించండి. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. ఆ రక్షణ అప్రెంటిస్‌లకూ వర్తిస్తుంది. కమిటీ ఉందా అని అడగడం తల్లిదండ్రుల హక్కు.

సంఘం చేయగలిగిన అయిదు పనులు

మొదటిది, ఒక పుస్తకం పెట్టండి. ఈ ఏడాది సంఘంలో ఎవరు ఏ చదువు పూర్తి చేశారు, ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారు అన్నవి పక్కపక్కన రాయండి. రెండు జాబితాలు కలిపి చూస్తేనే కొన్ని తలుపులు కనబడతాయి.

రెండోది, కాగితాలు సరిచేయించండి. టెన్త్ మెమోలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో మరొకటి, బ్యాంకులో ఇంటిపేరు వెనక్కి. ఈ తేడాతోనే దరఖాస్తు ఆగిపోతుంది. సంఘంలో పిలిచే పేరు ఒకటి, సర్టిఫికెట్ పేరు ఒకటైతే సర్టిఫికెట్ పేరే అన్ని చోట్లా ఉండాలి. భృతి నేరుగా ఖాతాలో పడాలంటే ఆధార్ అనుసంధానం కావాలి. ఫీజు బకాయి వల్ల సర్టిఫికెట్లు కాలేజీలో చిక్కుకున్న పిల్లలుంటే, సంఘ పెద్దలిద్దరు వెంట వెళ్లి మాట్లాడండి. ఒంటరిగా వెళ్లినవాడికి దొరకని జవాబు ఇద్దరు పెద్దలకు దొరకవచ్చు.

మూడోది, మొదటి నెల నిధి. భృతి చేతికి రావడానికి నెల పైనే పట్టవచ్చు. ఆలోగా హాస్టలు అడ్వాన్సు, బస్సు పాసు, భోజనం ఎవరు చూస్తారు? చోటు దొరికీ ఈ ఖర్చుకు భయపడి ఆగిపోయే బిడ్డలుంటారు. కోత పండుగ కానుకలో కొంత భాగం పక్కన పెడితే ఏటా ఒకరిద్దరిని పంపవచ్చు. తిరిగి ఇవ్వగలిగినప్పుడు వారు ఆ నిధిలో వేస్తే తర్వాతి బిడ్డకు ఉపయోగం.

నాలుగోది, పూచీ. అయ్యగారు ఇచ్చే పరిచయ పత్రంలో నిజమే ఉండాలి. సండేస్కూల్లో మూడేళ్లు బోధించాడు, లెక్కలు చూశాడు, సమయానికి వస్తాడు అని తెలిసినదే రాయండి. తెలియనిది రాస్తే తర్వాత వచ్చే బిడ్డ దారి మూసుకుపోతుంది. హైదరాబాద్ వెళ్లేవారికి అక్కడి సంఘానికి ఒక ఉత్తరం ఇవ్వండి. ఆదివారం షిఫ్టు పడి ఆరాధనకు రాలేకపోతే తప్పిపోయాడని ప్రచారం చేయకుండా ఒక ఫోన్ చేయండి.

అయిదోది, మాట మార్చండి. ప్రభుత్వ ఉద్యోగం ఒక్కటే ఆశీర్వాదమన్నట్టు సాక్ష్యాలు చెప్పుకుంటున్నాం. గ్రూప్స్‌కు చదవడం మంచిదే. పగలు పని చేస్తూ రాత్రి చదవడం కష్టమన్నదీ నిజమే. కానీ గడువు లేకుండా ఎదురుచూడటం బిడ్డను లోపల కుంగదీస్తుంది. రెండు పరీక్షలు, లేదా ఏడాదిన్నర అని ఇంట్లో కూర్చొని మాట్లాడుకోండి. ఆ తర్వాత ఏదో ఒక పని మొదలుపెట్టనివ్వండి. కొద్దిపాటి భృతికి చేరిన బిడ్డను "ఇంతేనా?" అని అడగకండి.

ఇది మన సంఘం పిల్లలకే అని గీత గీయకండి. పక్కింటి బిడ్డ అడిగితే ఆ పుస్తకంలో వారి పేరూ రాయండి.

వచ్చే ఆదివారం ఆ తల్లి మళ్లీ లేచి నిలబడుతుంది. ప్రార్థన చేయండి. ఆమేన్ అన్నాక ఆమె కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "సోమవారం పొద్దున సర్టిఫికెట్లు తీసుకొని రా, ఇద్దరం కలిసి వెళ్దాం" అని చెప్పే మనిషి ఒకరు ఆ సంఘంలో ఉండాలి. ఆ ఒక్కరు మీరే కావచ్చు.