ట్రంకుపెట్టె సర్దుకుని... బడికి!

జూన్ వచ్చిందంటే కొన్ని ఇళ్లలో ఒకటే హడావుడి. ట్రంకుపెట్టె మీద తెల్లరంగుతో పేరు రాయించాలి. దుప్పటి, కంచం, గ్లాసు, తాళంకప్ప... అన్నీ సర్దాక అమ్మ చివర్లో ఓ పచ్చడి సీసా ఇరికిస్తుంది. పదేళ్ల పిల్లాడు నాన్న వెంట బస్సెక్కుతాడు. బడి గేటు దగ్గర మాత్రం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. చూస్తే ఏడుపు ఆగదు మరి!

తెలుగునాట గురుకులాల్లో ఈ దృశ్యం మొదలై 50 ఏళ్లు దాటింది. దానికి తొలి వేదిక సర్వేల్. ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా, సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉందా ఊరు. 1971 సెప్టెంబరు 30న పీవీ నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. రెండు నెలలైనా తిరక్కుండానే, నవంబరు 23న సర్వేల్‌లో ప్రభుత్వ గురుకుల పాఠశాల మొదలైంది. తెలివి ఉండీ చదువుకునే దారిలేని పల్లె పిల్లల్ని ఏరి, తిండీ బట్టా పుస్తకాలూ ఇచ్చి, పంతుళ్ల కళ్లెదుటే ఉంచి చదివించాలన్నది ఆలోచన. మరుసటి ఏడాది కోస్తాకి తాడికొండ, రాయలసీమకి కొడిగెనహళ్లి తోడయ్యాయి. భూసంస్కరణలతో పెద్ద రైతుల కోపానికి గురైన పీవీ, 1973 జనవరిలో కుర్చీ దిగిపోయారు. బడులు మాత్రం నిలిచాయి.

ఆ తర్వాతి కథ ఓ తరం తల్లిదండ్రులకు బాగా తెలుసు. పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రస్థాయి ర్యాంకులు ప్రకటించే రోజుల్లో పేపర్లో ఫొటోల కింద ఈ మూడు ఊళ్ల పేర్లు తరచూ కనిపించేవి. పట్నంలో పేరున్న కాన్వెంట్లని దాటి, బస్సు సరిగ్గా రాని ఊళ్లోని సర్కారు బడి ముందుండటం అప్పట్లో వింతే. పోలీసు బాస్‌గా చేసిన మహేందర్‌రెడ్డి, ఐఏఎస్ అధికారిగా పనిచేసిన బుర్రా వెంకటేశం సర్వేల్‌లో చదివినవాళ్లే.

ఏం చేసేవాళ్లక్కడ? మంత్రమేమీ లేదు. తెల్లారకముందే పీఈటీ సారు విజిల్. కళ్లు నులుముకుంటూ గ్రౌండులో పరుగు. కుళాయి దగ్గర బకెట్ల వరస. ప్రార్థన, క్లాసులు, సాయంత్రం ఆటలు, రాత్రి స్టడీ అవర్. లెక్కల సారు ఇల్లు ఆవరణలోనే... సందేహం వస్తే రాత్రి భోజనాలయ్యాక కూడా తలుపు తట్టొచ్చు. జ్వరమొస్తే జావ కాచిచ్చేది ఆ సారుగారి భార్యే. ఇంకో సంగతుంది. ఊళ్లో ఒకరింటి గడప ఒకరు తొక్కని కులాల పిల్లలు ఇక్కడ ఒకే వరసలో కంచం పట్టుకుంటారు, పక్క మంచాల్లో పడుకుంటారు, ఒకే పచ్చడి సీసా వారంలోపు ఖాళీ చేస్తారు. ర్యాంకులకన్నా పెద్ద పాఠం ఇదే అనిపిస్తుంది.

పీవీ ఢిల్లీ వెళ్లారు. 1985లో రాజీవ్‌గాంధీ ప్రభుత్వంలో మానవ వనరుల మంత్రి అయ్యారు. సర్వేల్ ప్రయోగం దేశం మొత్తానికీ పాకింది... నవోదయ విద్యాలయాలుగా! 1985-86లో మొదట రెండు తెరిచారు. హర్యానాలోని ఝజ్జర్‌లో ఒకటి, మహారాష్ట్ర అమరావతిలో ఒకటి. ఇప్పుడవి 650 దాటాయి. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకే. నవోదయలో ముచ్చటైన ఏర్పాటు మరొకటుంది. తొమ్మిదో తరగతిలో 30 శాతం మంది, హిందీ ప్రాంతం నుంచి హిందీయేతర ప్రాంతానికీ అటునుంచి ఇటూ మారి ఏడాదిపాటు చదువుకుంటారు. పప్పన్నం తినే పిల్లాడు రొట్టెలకి అలవాటుపడతాడు. అక్కడి నుంచి వచ్చినవాడు మొదటివారం ఆవకాయ చూసి హడలిపోయి, తిరిగెళ్లేటప్పుడు సీసా అడిగి పట్టుకెళతాడు!

గురుకులాలూ పెరిగాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు వేర్వేరు సొసైటీలు వచ్చాయి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకుండా ఎవరెస్టు ఎక్కింది. ఆమెతోపాటు ఆనంద్‌కుమార్ కూడా.

అయితే సంఖ్య పెరిగినంత వేగంగా వసతులు పెరగలేదు. చాలాచోట్ల అద్దె భవనాలే. గ్రౌండు లేని బడిలో విజిల్ ఊది ఏం లాభం? పంతుళ్ల క్వార్టర్లు లేనిచోట రాత్రిపూట ఏ తలుపు తట్టాలి? సర్వేల్ నమూనాకు ప్రాణం పుస్తకాల్లో లేదు, పిల్లల మధ్యే కాపురమున్న పంతుళ్లలో ఉంది. అది కాపీ చేయడమే కష్టం. 2024లో తెలంగాణలోని కొన్ని వసతి బడుల్లో భోజనం వికటించి పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. బిడ్డని అప్పగించిన తల్లికి అంతకన్నా భయమేముంటుంది?

అందుకే... చూడ్డానికొచ్చే ఆదివారం, చెట్టుకింద టిఫిను డబ్బా మూత తీస్తూ అమ్మ మార్కుల సంగతి తర్వాతే అడుగుతుంది.

‘‘అన్నం మంచిగ పెడుతున్నరా బిడ్డా?’’